ఎడ్వర్డ్ ఆబీ ఎడారి: అనుభవ కథనంలో కల్పన ఎంత, నవలల్లో నిజం ఎంత?

ఎడారిపాంథుడు

సభ్యులకు నమస్కారం. అమెరికా నైరుతి ఎడారుల గురించి రాసిన ఎడ్వర్డ్ ఆబీ పుస్తకాలను మూడు నెలలుగా, దొరికినవి దొరికినట్టు, చదువుతున్నాను. ఈ వేదికలో ఆయన మీద చర్చ నాకు కనబడలేదు కనుక నేనే మొదలుపెడుతున్నాను.

ఆయన 1927లో పెన్సిల్వేనియాలో పుట్టారు. పదిహేడేళ్ళ వయసులో, 1944 వేసవిలో, దారిన పోయే బండ్లను ఆపి ఎక్కుతూ పడమటి రాష్ట్రాలు చూసి వచ్చారు. ఆ చూపు ఆయనను మళ్ళీ వదలలేదు. 1956, 1957 సంవత్సరాలలో యూటా రాష్ట్రంలోని మోయాబ్ పట్టణానికి దగ్గరలో ఉన్న ఆర్చెస్ రక్షిత ప్రాంతంలో సీజనల్ రేంజరుగా పనిచేశారు. అది జాతీయ ఉద్యానవనం అయింది 1971లో. ఆయన పనిచేసిన రోజుల్లో మట్టిరోడ్డూ, రేకుల ట్రైలరు ఇల్లూ, చుట్టూ ముప్పైమూడు వేల ఎకరాల రాతినేలా మాత్రమే. ఆ రోజుల్లో రాసుకున్న డైరీల నుంచి వచ్చిన పుస్తకం 'డెసర్ట్ సాలిటేర్' 1968లో వెలువడింది. ఏడేళ్ళ తరువాత, 1975లో, 'ది మంకీ రెంచ్ గ్యాంగ్' అనే నవల వచ్చింది. ఎడారిని తవ్వి పోస్తున్న బుల్డోజర్లను, వంతెనలను, బొగ్గు రైలును నలుగురు మనుషులు ఒక్కొక్కటిగా పాడుచేస్తూ పోవడమే అందులోని కథ.

ఈ రెండింటికీ నడుమ ఒక చిన్న సన్నివేశం వంతెనలా ఉన్నదని నాకు తోచింది. 'డెసర్ట్ సాలిటేర్'లో ఒకనాడు ప్రభుత్వ రోడ్ల శాఖవారు జీపులో వచ్చి, ఆర్చెస్ లోపలికి తారురోడ్డు వేయడానికి కొలతలు తీసుకుని, దారి పొడవునా కొయ్య గూటాలు పాతి, పొదలకు రంగు రిబ్బన్లు కట్టి వెళతారు. ఆ రాత్రి వెన్నెట్లో రేంజరు అయిదు మైళ్ళు నడిచి, ఒక్కొక్క గూటాన్నీ పీకి పారేసి, రిబ్బన్లను ఒక బండ కింద దాచిపెడతాడు. దానివల్ల చివరకు ఒరిగేదేమీ లేదని ఆయనే ఒప్పుకుంటాడు. నవల మొత్తం ఆ వెన్నెల రాత్రికి పెరిగిన కొమ్మలే అనిపిస్తుంది.

నా అభిప్రాయం ఇది. అనుభవ కథనంగా చెలామణీ అవుతున్న పుస్తకంలో ఆబీ తన గురించి దాచినది ఎక్కువ, నవలలుగా అచ్చయినవాటిలో బయటపెట్టుకున్నది ఎక్కువ. దీనితో ఏకీభవించనివారు ఉంటే కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతపుస్తకం

ఆంగ్ల సాహిత్యం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక పాఠం చెప్పినట్టు ఉంటే మన్నించండి.

పాంథుడు గారు 'దాచారు' అనే మాట వాడారు. అందులో సగం నిజం ఉంది. ఆ వేసవుల నాటికి ఆబీ వివాహితుడు, పసిబిడ్డకు తండ్రి. పుస్తకంలో మాత్రం ఒక ఒంటరి మనిషి, ఒక ట్రైలరు, ఆకాశమంత నిశ్శబ్దం. పేరులోనే ఏకాంతం ఉన్న పుస్తకానికి కుటుంబం అడ్డు వస్తుంది కాబట్టి దానిని పక్కకు జరిపారు. వేరు వేరు వేసవులను కలిపి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగే ఒకే రుతువుగా కుట్టారు కూడా. అయితే ఒకటికి మించి వేసవులు ఉన్నాయన్న సంగతి ముందుమాటలోనే ఉంది, చదివినవారికి తెలుస్తుంది. మొదటిది దాపరికం అయితే కావచ్చు గాని, రెండోది కాదు.

ఇక ఆ పుస్తకం ఎన్నో చోట్ల 'నన్ను అక్షరాలా నమ్మకండి' అని పాఠకుడికి కన్ను గీటుతూనే ఉంటుంది. హవాసూ లోయ గురించిన అధ్యాయం మొదట్లో చూడండి. గ్రాండ్ కాన్యన్ అంచున ఈయన స్నేహితులతో కలిసి ఒక పాత టైరును లోయలోకి దొర్లిస్తాడు. అది పైన్ చెట్ల మీదుగా ఎగిరి, కింద వెళుతున్న కంచరగాడిదల వరుసను చెల్లాచెదురు చేసి, అడుగున ఉన్న గండిలోకి దూకి మాయమైందట! ఇది చదివి ఎవరైనా ఆ గాడిదల క్షేమం గురించి ఆందోళన చెందుతారా? మన ఊళ్ళలో రచ్చబండ మీద కూర్చుని కోతలు కోసే పెద్దమనిషి గొంతు అది. వినేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అమెరికా పడమటి దేశంలో ఈ కోతల సంప్రదాయం చాలా పాతది, ఆబీ దానిని ప్రకృతి రచనలోకి తెచ్చారు. అంతకు ముందు ఆ దేశపు ప్రకృతి రచనలో ఎక్కువ భాగం గుడిలో మాట్లాడే గొంతుతో నడిచేది.

అందువల్ల నిజాయితీని కొలిచే తూకంరాయి మనం వేరే చోట వెతుక్కోవాలి. తన గురించి చెప్పినది నిజమా అని కాదు, రాయి గురించి, పాము గురించి, నీటి గురించి చెప్పినది నిజమా అని అడగాలి.

చిరుగాలి

మాస్టారూ, మీరు చెప్పిన భార్యాబిడ్డల సంగతి నాకు ఇంతవరకు తెలియదు. ఉదయం ఆవరణలో కూర్చుని కాఫీ తాగుతూ, తనకు తోడుగా ఒక జూనిపర్ చెట్టు తప్ప ఎవరూ లేనట్టు రాసిన పేజీలను నేను రెండుసార్లు చదివి గీతలు గీసుకున్నాను. ఆ గీతలు ఇప్పుడు చూస్తే కొంచెం సిగ్గుగా ఉంది. ఆ ఉదయాలలో పసిబిడ్డ ఏడుపు వినబడి ఉంటుందా అన్న ఆలోచన ఇక వదలదు.

రాళ్ళసీమ

నేను భూగర్భశాస్త్రం చదివినవాడిని, పుట్టింది కడప జిల్లా. మాస్టారు అడిగిన ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు: రాయి గురించి ఆబీ చెప్పినవి నమ్మదగినవి.

ఆర్చెస్ ప్రాంతం కింద వేల అడుగుల మందాన ఉప్పు పొర ఉంది. పైన పడిన రాళ్ళ బరువుకు ఆ ఉప్పు మెల్లగా జరిగి, ఉబ్బి, పై పొరలను పగలగొట్టింది. ఆ పగుళ్ళు వరుసగా, సమాంతరంగా ఏర్పడ్డాయి కనుక వాటి నడుమ మిగిలిన ఇసుకరాయి నిలువు గోడలుగా నిలిచింది. వాననీరు ఇసుక రేణువులను పట్టి ఉంచే సున్నపు జిగురును కరిగించుకుంటూ, చలికాలంలో పగుళ్ళలో గడ్డకట్టి రాతిని పెకలిస్తూ, ఆ గోడలకు కన్నాలు పెట్టింది. అవే తోరణాలు. రెండు వేలకు పైగా లెక్కకు వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైన డెలికేట్ ఆర్చ్ కన్నం ఎత్తు సుమారు 46 అడుగులు. ఇవేవీ శాశ్వతం కావు. 2008 ఆగస్టులో ఒక రాత్రి వాల్ ఆర్చ్ అనే తోరణం తనంతట తానే కూలిపోయింది. ఈ రాతికి మనిషి ఆశలతో పని లేదు, మన భావాలను దానికి అంటగట్టకూడదు అని ఆబీ పదే పదే తనను తాను హెచ్చరించుకోవడం, మరుసటి పేజీలోనే ఆ హెచ్చరికను మరచిపోవడం నాకు ముచ్చటగా అనిపించింది.

పాము సంగతి కూడా చెప్పాలి. ట్రైలరు మెట్టు కింద రాటిల్‌స్నేక్ అనే విషసర్పం చేరితే, చంపడం ఇష్టం లేక, ఎలుకలను తినే గోఫర్ పామును పట్టి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాడు. చొక్కా లోపల నడుము చుట్టూ చుట్టుకుని తిరుగుతాడు. మన జెర్రిపోతు చేసే పనే అది అక్కడ చేస్తుంది. జాతి వేరు, కాపురం ఒకటే. అదే మనిషి ఇంకొక చోట, చేతిలో ఆయుధం లేకుండా ఆకలిమీద ఉంటే ఎడారిలో బతకగలనా అని పరీక్షించుకోవడానికి, కుందేలు తలకు గురిచూసి రాయి విసిరి చంపేస్తాడు. తరువాత పశ్చాత్తాపం కోసం లోపల వెతుక్కుంటే దొరకదు, పైగా ఉల్లాసంగా ఉంటుంది. తనను చెడ్డవాడిగా చూపించే ఆ ముక్కను ఆయన తొలగించి ఉండవచ్చు. తొలగించలేదు. భార్యను తీసివేసిన చేయి కుందేలును ఎందుకు ఉంచింది? దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఫీనిక్స్‌శారద

ఈ చర్చలో నేను ఎదుటి పక్షం నుంచి మాట్లాడవలసి వస్తోంది. నేను ఫీనిక్స్ నగర పరిసరాలలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా కుళాయిలో వచ్చే నీటిలో ఒక భాగం కొలరాడో నది నీరు. 336 మైళ్ళ కాలువలో ఎడారి మీదుగా, ఎత్తుకు తోడుకుంటూ తెచ్చే నీరు. ఆబీ జీవితాంతం ద్వేషించిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఆ నదికే ఎగువన ఉంది. అంటే ఆయన శాపనార్థాలు పెట్టిన జనంలో నేనూ ఒకదాన్ని.

ఆనకట్ట సంగతి తెలియకపోతే ఆబీ కోపం అర్థం కాదు. 1956లో అమెరికా కాంగ్రెసు దానికి అనుమతి ఇచ్చింది. పర్యావరణ సంఘాలవారు డైనోసార్ రక్షిత ప్రాంతంలో కట్టదలచిన వేరొక ఆనకట్టను ఆపించగలిగారు గాని, ఎవరూ పెద్దగా చూడని గ్లెన్ కాన్యన్‌ను వదులుకున్నారు. 710 అడుగుల కాంక్రీటు గోడ లేచింది. 1963 మార్చిలో తలుపులు మూశారు. 186 మైళ్ళ పొడవున లోయ మునిగింది, జలాశయం పూర్తిగా నిండడానికి 1980 దాకా పట్టింది. మునగడానికి నాలుగేళ్ళ ముందు, 1959లో, ఆబీ తన మిత్రుడితో కలిసి రబ్బరు పడవలలో ఆ లోయ గుండా ప్రయాణించారు. ఆ అధ్యాయమే 'డెసర్ట్ సాలిటేర్'కు గుండెకాయ అని నేను అనుకుంటాను.

ఒకసారి పేజ్ అనే ఊరికి వెళ్ళి, ఆనకట్ట ముందున్న వంతెన మీద కంచె పట్టుకుని నిలబడ్డాను. నవలలో సెల్డమ్ సీన్ స్మిత్ అనే పడవవాడు, మోర్మన్ మతంలో పుట్టి ఆచారాలు గాలికి వదిలేసినవాడు, ఆనకట్ట ఎదుట మోకరిల్లి, సరిగ్గా దాని కిందనే కొలిచినట్టుగా ఒక భూకంపం పంపమని దేవుణ్ణి వేడుకుంటాడు. కడుపుబ్బ నవ్వించే ఘట్టం. అక్కడ నిలబడితే మాత్రం నవ్వు రాలేదు. ఆ గోడ ఎంత నునుపుగా, ఎంత తెల్లగా, ఎంత నెమ్మదిగా ఉన్నదో చెప్పలేను. నలుగురు మనుషుల కోపం దానిని ఏమీ చేయలేదని నవలకూ తెలుసు, అందుకే చివరకు అందులో కూడా ఆనకట్ట నిలిచే ఉంటుంది.

ఇక అందరూ తప్పుకుని పోతున్న సంగతి. 1988లో వచ్చిన వ్యాస సంపుటిలో ఆబీ వలసల మీద ఒక వ్యాసం చేర్చారు. మెక్సికో నుంచీ, దక్షిణపు దేశాల నుంచీ వచ్చే పేదలను సంస్కృతిలోనూ నీతిలోనూ పుట్టుకలోనూ కూడా తక్కువవారుగా చిత్రించిన మాటలు అందులో ఉన్నాయి. జనాభా పెరగకూడదని వాదించిన ఆయనకు అయిదుగురు పిల్లలు. సముద్రం దాటి వచ్చి ఈ ఎడారిలో స్థిరపడిన తెలుగు మనిషిగా ఆ వ్యాసం చదివినప్పుడు, ఇంటికి పిలిచి భోజనం పెట్టి, చేయి కడుక్కునే వేళకు 'మీరు ఎప్పుడు వెళతారు' అని అడిగినట్టు అనిపించింది. పుస్తకాన్ని మూసేయలేదు. ఒక ఏడాది తెరవలేదు.

వేదిక నిర్వాహకులు

బుల్డోజరు ఇంజనులో ఏమి పోస్తే ఎంతసేపటికి ఆగిపోతుందో నవల ఆధారంగా సవివరంగా రాసిన ఒక వ్యాఖ్యను తొలగించాము. ఆ సభ్యుడి ఉద్దేశం సాహిత్యపరమైనదే అయి ఉండవచ్చు. చర్చ బాగా సాగుతున్నది, దయచేసి కొనసాగించండి.

ఎడారిపాంథుడు

శారద గారూ, మీ వ్యాఖ్య చదివాక నా మొదటి వాదనను కొంత సవరించుకోవలసి వస్తున్నది. నవలలో ఆయన తనను బయటపెట్టుకున్నారని రాశాను. మీరు చెప్పిన వ్యాసంలో అంతకన్నా ఎక్కువే బయటపడ్డారు, నేనే ఆ సంపుటిని చదవకుండా వదిలేశాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ధోరణి మొదటి నుంచీ ఉన్నదేమో అనిపిస్తుంది. నిర్జనమైన ఎడారి కావాలని కోరుకునేవాడికి మనిషి ఎవరైనా అదనమే. మొదట భార్యాబిడ్డలు, తరువాత కారు దిగని పర్యాటకులు, తరువాత సరిహద్దు దాటి వచ్చేవారు. అలా అంటే మరీ సూత్రంలాగా చుట్టినట్టవుతుంది, ఎందుకంటే ఎదురు సాక్ష్యం కూడా ఉన్నది. ఆయన ఎడారి నిర్జనం కాదు. నవాహో, హోపీ అనే ఆదివాసుల భూములు పక్కనే ఉన్నాయి. నవలలోని బొగ్గు రైలు కల్పితం కాదు. బ్లాక్ మేసా బొగ్గును పేజ్ దగ్గరి విద్యుత్ కేంద్రానికి మోసిన 78 మైళ్ళ రైలుమార్గం అది. నవాహోల పేదరికం మీద 'డెసర్ట్ సాలిటేర్'లో కొన్ని పేజీలు ఉన్నాయి. వాటిలో సానుభూతీ ఉంది, పై నుంచి చూసే చూపూ ఉంది. నాకు రెండూ ఒకే వాక్యంలో కనబడిన చోట్లు ఉన్నాయి.

ఫీనిక్స్‌శారద

ఆ విద్యుత్ కేంద్రం గురించి ఒక మాట కలుపుతాను. 2019 నవంబరులో దానిని మూసివేశారు, 2020 డిసెంబరులో మూడు పొగగొట్టాలనూ కూల్చారు. నవల రాసిన మనిషి అప్పటికి పోయి మూడు దశాబ్దాలు దాటింది. కూల్చింది విప్లవకారులు కాదు, చవకైన సహజవాయువు. అక్కడ ఉద్యోగాలు పోయినవారిలో ఎక్కువమంది నవాహోలు, హోపీలే. నవలలో ఈ ముగింపుకు చోటు లేదు.

పాతపుస్తకం

పాంథుడు గారు రెండు పుస్తకాల మధ్యనే తిరుగుతున్నారు. అంతకు ముందువి చూస్తే వారి వాదనకు బలం చేకూరేదీ, బలం తగ్గేదీ రెండూ దొరుకుతాయి.

1956లో వచ్చిన 'ది బ్రేవ్ కౌబాయ్'లో జాక్ బర్న్స్ అనే పశువుల కాపరి దారికి అడ్డంగా ఉన్న ముళ్ళకంచెను కత్తిరించుకుంటూ గుర్రం మీద పట్నంలోకి వస్తాడు. జేబులో గుర్తింపు కాగితం ఒక్కటి కూడా ఉండదు. జైలులో ఉన్న స్నేహితుణ్ణి తప్పించడానికి తానే కావాలని జైలుకు వెళతాడు. కథ ముగింపు చెబుతున్నాను, తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఈ పేరా దాటేయండి. పోలీసులనూ, హెలికాప్టరునూ తప్పించుకుని కొండ దాటి వచ్చిన ఆ రౌతును, రాత్రి హైవే మీద, స్నానాల గది సామాను మోసుకుపోతున్న లారీ గుద్దేస్తుంది. మరుగుదొడ్డి పింగాణీ కింద పడి ఒక యుగం ముగియడం! విషాదానికి ఇంత నీచమైన ఆయుధాన్ని ఎన్నుకోవడానికి ధైర్యం కావాలి. చిత్రం ఏమిటంటే, ఆ జాక్ బర్న్స్ తరువాతి నవలలలో ముసలివాడై, ఒంటికన్నువాడై, మళ్ళీ మళ్ళీ ప్రత్యక్షమవుతూనే ఉంటాడు. రచయితకు అతణ్ణి చావనివ్వడం ఇష్టం లేదు.

1962 నాటి 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' నన్ను అడిగితే అన్నిటికన్నా పొదుపైన నవల. న్యూ మెక్సికోలో క్షిపణి ప్రయోగ క్షేత్రం కోసం సైన్యం భూములు తీసుకుంటుంటే, జాన్ ప్రేథర్ అనే వృద్ధ పశుపోషకుడు 1957లో తన ఇల్లు విడిచి కదలనని భీష్మించాడు. ఆ నిజ సంఘటనను తీసుకుని, తాతగారి మొండితనాన్ని పన్నెండేళ్ళ మనవడి కళ్ళతో చెప్పారు. కోతలు లేవు, ఉపన్యాసాలు తక్కువ. భూసేకరణ నోటీసు అందుకున్న ఇల్లు ఎలా ఉంటుందో చూసిన తెలుగు పాఠకుడికి ఇందులో వివరించవలసినది ఏమీ ఉండదు.

తరువాత 1971లో వచ్చిన 'బ్లాక్ సన్'. అగ్గి కనిపెట్టే ఎత్తైన మంచె మీద ఒంటరిగా కాపలా ఉండే నడివయసు మనిషి, అతని జీవితంలోకి వచ్చి, ఎడారి లోయలలో కనబడకుండా పోయిన అమ్మాయి. అంతకు ముందు ఏడాదే, 1970లో, ఆబీ మూడో భార్య రక్త క్యాన్సరుతో మరణించారు. ఈ రెండింటినీ కలిపి లెక్క కట్టేయాలని చేయి దురద పెడుతుంది గాని, నవలను చితాభస్మం పాత్రలాగా చదవడం నాకు నచ్చదు. ఒకటి మాత్రం అంటాను. 'డెసర్ట్ సాలిటేర్'లో ఏకాంతం వరం. ఈ నవలలో మంచె అదే, ఏకాంతం అదే, కాని అది శిక్ష.

చిరుగాలి

మాస్టారి మాట మీద హవాసూ అధ్యాయానికి తిరిగి వెళ్ళాను. టైరు దాటి ముందుకు చదివితే ఏముంటుందో ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

ఒక రోజు దగ్గర దారి అనుకుని ఒక సన్నని పక్కలోయలోకి దిగుతాడు. నీరు తొలిచిన నున్నటి రాయి మీద జారి ఒక మడుగులో పడతాడు, అక్కడి నుంచి ఇంకొక మడుగులో. ఆ తరువాత లోయ అంచు ఎనభై అడుగుల కిందికి తెగి ఉంటుంది. ముందుకు వెళితే చావు. వెనక్కి ఎక్కాలంటే జారివచ్చిన గోడకు పట్టు లేదు. అరిచినా వినేవాడు లేడు. చేతికర్రను గోడమూలకు ఆనించి, దాని కొన మీద బూటు మోపి, వేళ్ళ కొసలతో, బొటనవేళ్ళతో అంగుళం అంగుళం పాకి బయటపడతాడు. మొదటి గోడ ఎక్కాక ఏడుస్తాడు. చివరకు ఎండలోకి వచ్చి పడుకుంటాడు. అంతలో గాలివాన. ఆ రాత్రి ఇల్లు చేరలేక, మూడడుగుల ఎత్తు లేని ఒక రాతి చూరు కింద, అడవి జంతువుల పెంటల నడుమ, ముడుచుకుని గడుపుతాడు. తన జీవితంలోని మిక్కిలి సంతోషకరమైన రాత్రులలో అది ఒకటని రాస్తాడు.

మొన్న నేను భార్యాబిడ్డల గురించి రాసిన వ్యాఖ్యను వెనక్కి తీసుకోవడం లేదు. కాని ఈ రాత్రిని కల్పన అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ కర్ర సంగతి కూర్చుని ఊహించేది కాదు.

ఇంకొక సంగతి. ఈ అధ్యాయాన్నీ, గ్లెన్ కాన్యన్ ప్రయాణాన్నీ నా సరదా కోసం తెలుగు చేస్తున్నాను, ప్రచురణ ఆలోచన లేదు. 'కాన్యన్' దగ్గరే ఆగిపోయాను. లోయ అంటే పచ్చగా, విశాలంగా వినిపిస్తున్నది. పెద్దలు సాయం చేయాలి.

రాళ్ళసీమ

గండి అనండి. మా గండికోట పేరులో ఉన్నది ఆ మాటే. పెన్నా నది ఎర్రమల కొండలను నిలువుగా కోసుకుంటూ పోయిన చోటు అది, అంచున నిలబడి కిందికి చూస్తే నది దారంలా కనబడుతుంది. చెరువుకు గండి పడింది అన్నప్పుడు కూడా నీరు తెంచుకుని పోవడమే కదా. కాన్యన్ అనే మాటలో లేని ఆ నీటి బలం గండిలో ఉంది. పేరులో భాగంగా వచ్చే చోట గ్లెన్ కాన్యన్ అనే ఉంచి, వర్ణనలో గండి వాడండి.

'ఆర్చ్'కు వెతకవలసిన పనే లేదు. తిరుమల కొండ మీద ప్రకృతి చెక్కిన శిలాతోరణం ఉంది. అది ఆర్చెస్‌లోని వాటితో పోలిస్తే చాలా చిన్నది, రాయి కూడా వేరు; అక్కడిది ఇసుకరాయి, మనది గట్టి క్వార్ట్‌జైట్. మాట మాత్రం సరిగ్గా అతికినట్టు ఉంటుంది. ఒకటే చిక్కు: తెలుగువారికి శిలాతోరణం అనగానే చేతులు జోడించబుద్ధి అవుతుంది. ఆబీ వద్దన్నది అదే.

ఫీనిక్స్‌శారద

చిరుగాలి గారూ, మీకు ఇంకొక చిక్కు రాబోతున్నది. లోయ మునిగిపోయిన సంగతిని 'ముంపు' అని రాస్తారు, వేరే మాట లేదు. కాని మనకు ముంపు అనగానే ఊరు, గుడి, పరిహారం, ట్రాక్టరు మీద సామాను గుర్తుకొస్తాయి. గ్లెన్ కాన్యన్‌లో మునిగినవి ఎక్కువగా ఇసుక తిన్నెలు, ఫెర్నులు వేలాడే చల్లని గుహలు, పక్కగండులు, పురావస్తు పరిశోధకులు హడావుడిగా నమోదు చేసుకున్న ప్రాచీన నివాసాలు. ఊళ్ళు ఖాళీ చేయించిన కథ కాదు. మనుషులు లేని చోటు కోసం ఒక మనిషి ఇంత శోకించడం మన పాఠకుడికి మొదట వింతగా ఉంటుంది. ఆ వింతను అనువాదంలో చదును చేయకండి.

మునిగినదంతా మునిగే లేదు కూడా. కరవు వల్ల 2023 తొలి నెలల్లో ఆ ఆనకట్ట జలాశయమైన లేక్ పావెల్ నిల్వ నాలుగోవంతు కన్నా కిందికి పడిపోయింది. ఎడారి దేవాలయం అని పేరున్న ఒక గుహ లాంటి చోటు నీటిలోంచి తేలింది. గోడల మీద నీటిమట్టం గీసిన తెల్లని సున్నపు పట్టీ మాత్రం పోలేదు. స్మిత్ మొక్కుకున్న భూకంపం రాలేదు, వాన రావడం మానుకుంది.

ఎడారిపాంథుడు

1981 మార్చి 21న కొందరు కార్యకర్తలు ఆనకట్ట పై అంచు నుంచి మూడు వందల అడుగుల నల్లటి ప్లాస్టిక్ పట్టాను కిందికి జారవిడిచారు. దూరం నుంచి చూస్తే గోడకు పగులు ఇచ్చినట్టు కనబడింది. ఆ రోజు ఆబీ అక్కడికి వచ్చి మాట్లాడారు. నవల నుంచి పుట్టిన ఉద్యమం ఆనకట్టకు చేయగలిగినది బొమ్మ పగులే. కల్పనకూ నిజానికీ మధ్య గీత ఎక్కడ ఉన్నదో అడిగినవాడిని నేను, ఆ పట్టాను ఏ వైపు పెట్టాలో నాకే తెలియడం లేదు.

చిరుగాలి

గండి, శిలాతోరణం, ముంపు మూడూ తీసుకున్నాను. అధ్యాయం చివరి పేరాకు వచ్చాను. ఇద్దరు మిత్రులూ రోజుల తరబడి నది మీద తేలుతూ వచ్చాక, ఒడ్డున ప్రభుత్వం పెట్టిన బోర్డు కనబడుతుంది. ఆబీ దాని మీద ఒక్క వ్యాఖ్య కూడా చేయకుండా, అందులోని మాటలు దించి, అధ్యాయాన్ని ఆపేస్తారు. ఎన్ని విధాలుగా రాసినా నా తెలుగు బోర్డు ఏడుపుగొట్టుగా తయారవుతున్నది. మాస్టారు ఏమంటారు?

పాతపుస్తకం

మీరు దానిని ఆబీ రాసినట్టుగా అనువదిస్తున్నారు. అది ఆయన రాసినది కాదు, ఒక ఇంజనీరింగు కార్యాలయంలో గుమాస్తా రాసినది. మన నీటిపారుదల శాఖ బోర్డుల మీద ఉండే తెలుగు మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆ 'బడును' కావాలి, ఆ 'నిషేధము' కావాలి. భావం ఒక్క చుక్క కూడా వద్దు.

చిరుగాలి

ఇలా మార్చాను:

'గమనిక. మీరు గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నిర్మాణ స్థలమును సమీపించుచున్నారు. పడవలన్నియు ఒక మైలు దూరమున కుడివైపు గల కేన్ క్రీక్ రేవు వద్ద నదిని విడువవలెను. నిర్మాణ ప్రాంతమున పడవలకు ప్రవేశము పూర్తిగా నిషేధము. అతిక్రమించిన వారిపై చట్టరీత్యా చర్య తీసుకొనబడును.'

పాతపుస్తకం

'విడువవలెను' తీసేసి 'విడువవలయును' పెట్టండి. మిగతాది ముట్టుకోకండి.